పెరట్లోకి వెళ్ళే వేళ

నేను వినడం నేర్చుకునేసరికి నాకు అరవై దాటింది. అప్పటికే ఎడమ చెవి కాస్త మందగించింది కూడా.

ఫోన్లో రికార్డర్ నొక్కి, ఎవరి గుమ్మంలోనో కూర్చుని ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడగబోతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పద్ధతులన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి, మీ మేడమ్‌లు నాకంటే బాగా చెప్తారు. పెన్షన్ తీసుకుంటున్న మనిషి ఒకడు ఆ పద్ధతులు నేర్చుకోబోయి ఎక్కడెక్కడ తడబడ్డాడో మాత్రం నేనే చెప్పాలి.

నేను ఖరగ్‌పూర్ రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఆ ఇంటికి ఆఫీసు తరఫున వెళ్ళే మనిషిని నేనే. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరి మీద ఆధారపడ్డారు, కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఎవరికి ఇవ్వమంటున్నారు, ఇవన్నీ విచారించి రిపోర్టు రాయాలి. మా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాప్‌లో చేరిన కుటుంబాలు ఇక్కడ వీధులకు వీధులున్నాయి. ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో పొద్దున్నే నడిచి వెళ్తే ప్రతి గుమ్మంలోనూ తెలుగే వినబడుతుంది. ఆ గుమ్మాల్లో నేను ఎక్కనివి తక్కువ. కానీ మంచి రోజున నన్నెవరూ పిలవలేదు. వెల్ఫేర్ బాబు వచ్చాడంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం.

రిటైరయ్యాక తాల్‌బగీచాలో మా ఇంటి ముందు మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ ఉండగా ఒక కర్నూలు అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ప్రేమ్ బజార్‌ని ఆనుకుని ఉన్న పెద్ద ఇంజనీరింగ్ క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఇంజనీరింగ్ కాదు, సామాజిక శాస్త్రం. అక్కడ అదీ చెప్తారని నాకు ఆ రోజే తెలిసింది. భర్త పోయాక ఉద్యోగం వచ్చి వర్క్‌షాప్‌లో చేరిన ఆడవాళ్ళు మగవాళ్ళ మధ్య ఆ పని ఎలా నేర్చుకున్నారు, ఆ పని వాళ్ళ బతుకును ఏం చేసింది అన్నది ఆమె పరిశోధన. ఆ ఇళ్ళకు తీసుకెళ్ళడానికీ, రికార్డు చేసిన మాటల్ని విని కాగితం మీద పెట్టడానికీ ఒక మనిషి కావాలి. మా వైపు యాస వేగంగా మాట్లాడితే ఆమెకు సగమే అందుతుందట.

ఎవరినీ అడగక్కర్లేదమ్మా, వాళ్ళందరి సంగతీ నాకు కరతలామలకం, నేనే చెప్తాను రాసుకో అన్నాను. మీ దగ్గరా రాసుకుంటాను అంకుల్, ముందు వాళ్ళ దగ్గర, అని నవ్వింది. పరిశోధకులను లోపలికి తీసుకెళ్ళే నాలాంటి మనిషిని వాళ్ళ పుస్తకాల్లో గేట్‌కీపర్ అంటారని కూడా ఆ రోజే చెప్పింది. రైల్వేలో గేట్‌మన్‌కీ ఇన్‌స్పెక్టరుకీ ఎంత తేడా ఉందో ఆ పిల్లకు తెలియదు కదా అని ఊరుకున్నాను.

నా చదువు మొదలైంది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న అడగకూడదు. వాళ్ళు ఆగిపోతే మనం అందుకోకూడదు, కాసేపు ఊరుకోవాలి. వాళ్ళ వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు. ఈ మూడోది నా ప్రాణానికి వచ్చింది. ఉద్యోగమంతా నేను చేసిందే అది. ఏడుస్తున్న మనిషి సగం చెప్పి ఆగితే మిగతా సగం నేనే అందించి, ‘అంతేనా?’ అనేవాణ్ణి. వాళ్ళు తలూపితే రాసుకునేవాణ్ణి.

ముందు ఇంట్లో సాధన చేయమంది అమ్మాయి. ఒక సాయంత్రం మా ఆవిణ్ణి ఈ రోజు ఎలా గడిచిందని అడిగి, ఆమె చెప్తుంటే మధ్యలో నోరు మెదపకుండా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాను. గోల్ బజార్‌లో చేపల ధర దగ్గర మొదలుపెట్టి పక్కింటివాళ్ళ కుళాయి దాకా వచ్చి ఆగిపోయింది. నేను పాఠం ప్రకారం ఊరుకున్నాను. దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“ఏటైంది మీకు? వొంట్లో బాగోనేదా?”

తర్వాత ట్రాఫిక్‌లో ఇల్లిల్లూ తిరిగాం. అమ్మాయి అడిగేది, వాళ్ళు చెప్పేవారు, నేను రాత్రింబవళ్ళు కష్టపడ్డట్టు పోజు పెట్టి ఆ మాటలన్నీ టైపు చేసి ఇచ్చేవాణ్ణి. అందరిదీ ఒకటే మాట: మా ఆయన పోయాక ఏ ఆధారమూ లేకపోయింది, పిల్లలు చిన్నవాళ్ళు, అత్తమామలు వృద్ధులు, రైల్వేవారి దయవల్ల నిలబడ్డాం. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో సరిగ్గా సరిపోయేది. నాకు పట్టరాని సంతోషం. ఆఫీసు విచారణలో వాంగ్మూలాలన్నీ ఒక్కలా ఉంటే ఫైలు మూసేయొచ్చు. అంతకంటే మంచి పని ఏముంటుంది!

అమ్మాయి గైడు ఒక బెంగాలీ ప్రొఫెసరమ్మ. నెమ్మదైన మనిషి, కంఠం ఎత్తదు. నేను టైపు చేసిన కాగితాలను అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి ఇస్తే, వరసగా చదివి పక్కన పెట్టి, ఇందులో ఇంతమంది ఆడవాళ్ళు లేరు, ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరు ఎవరో కనుక్కో అందట. ఫెలోషిప్ గడువు దగ్గర పడింది. దుర్గాపూజ సెలవుల ముందు జరిగే సమీక్షలో కమిటీ ముందు నిజంగా ఎవరో ఒకరు మాట్లాడినట్టున్న ఒక్క ఇంటర్వ్యూ అయినా పెట్టకపోతే ఈ విషయం వదిలేసి వేరేది మొదలుపెట్టాలి. అంటే ఇన్నేళ్ళ పని నీళ్ళపాలు. ఆ పిల్ల ప్రేమ్ బజార్‌లో టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, చల్లారిపోయిన గ్లాసు చేత్తో తిప్పుతూ ఇదంతా నాకు చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఎప్పుడు పూర్తవుతుందని అడగడం మానేశారట, అదే ఎక్కువ బాధగా ఉంది అంకుల్ అంది.

ఇంటికొచ్చి ఆ కాగితాలు మళ్ళీ చదివాను. ఆ ఒక్కరు ఎవరో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేనే.

‘ఏ ఆధారమూ లేకపోయింది’ అన్నది నా వాక్యం. ‘నిలబడ్డాం’ కూడా నాదే. ఇంటి మనిషి పోయిన గుమ్మంలో, మాట పెగలని ఆడవాళ్ళకు పక్కన కూర్చుని నేను నేర్పిన మాటలవి. పెద్ద ఆఫీసరు అడిగితే ఇలా చెప్పు తల్లీ, అటూ ఇటూ పోవద్దు, నవ్వు మొహం పెట్టొద్దు అని చెప్పి మరీ పంపేవాణ్ణి. దానికి నేను చింతించడం లేదు. ఆ మాటలు వాళ్ళకు తిండి పెట్టాయి. కానీ అన్నేళ్ళ తర్వాత నన్ను మళ్ళీ గుమ్మంలో చూడగానే, ఎవరూ చెప్పకుండానే వాళ్ళంతా ఆ పాఠం అప్పజెప్పారు. ఉద్యోగం ఇప్పించిన మాట, మారిస్తే ఏమవుతుందోనని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పారు. అంత క్రమశిక్షణ మా రైల్వేవాళ్ళకే సాధ్యం.

మర్నాడు అమ్మాయితో, నన్ను తీసెయ్యమ్మా, నీ పని చెడగొడుతున్నది నేనే అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. తీసెయ్యడమేమిటి అంకుల్, ఇదంతా రాయాలి, అడిగే మనిషి ఎవరన్నదాన్ని బట్టి చెప్పే మాట మారుతుందని మాకు మొదటి పాఠమే చెప్తారు, నాకే మీలో కనబడలేదు అంది. నాకు కాళ్ళ కింద నేల కదిలితే ఆ పిల్లకు అది ఒక అధ్యాయంలా కనిపించింది. ప్రొఫెసరమ్మ కూడా మెచ్చుకుందట. అయినా సమీక్షకు ఒక ఇంటర్వ్యూ కావాలి, అది మిగిలే ఉంది.

అందుకని పని తీరు మార్చాం. అమ్మాయి లోపల కూర్చుని మాట్లాడుతుంటే నేను ఇంటి బయటే ఉండాలి. ఇప్పుడు నా దగ్గర ఫైలు లేదు, పెన్ను లేదు, నేనిచ్చేదీ తీసేదీ లేదని ప్రతి ఇంట్లో చెప్పాను. రిటైరైనా ఇన్‌స్పెక్టరు ఇన్‌స్పెక్టరే గదా బాబూ అని వాళ్ళు మర్యాదగా నమ్మలేదు.

వాళ్ళలో ఒకావిడ లేత్ మిషన్ మీద పనిచేస్తుంది. ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ కావలసిన కొలతకు చెక్కే మిషన్ అది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఆవిడా, అత్తగారూ. అమ్మాయి ఆవిడతో గదిలో మాట్లాడే రోజుల్లో నేను వరండాలో అత్తగారి పక్కన కూర్చుని, ఆవిడ దూసే మునగాకులో పుల్లలు ఏరుతూ కాలక్షేపం చేసేవాణ్ణి. ముసలావిడ నాతో ఊరి సంగతులు, మోకాళ్ళ సంగతులు చెప్పేది. దాన్ని నేను పనిలో లెక్కవేయలేదు.

ఒక మధ్యాహ్నం ఆ ఇంటి రికార్డింగు చెవుల్లో పెట్టుకుని టైపు చేయడానికి కూర్చున్నాను. మొదట ఎప్పటి పాఠమే. తర్వాత అమ్మాయి, మొదటిసారి మిషన్ తిప్పిన రోజు గురించి చెప్పండి అంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అమ్మాయీ మాట్లాడలేదు. తర్వాత ఇలా వచ్చింది.

“ముందు ఆపీసులో పైల్లు మోయించినారు. తరవాత లేతు కాడికి పంపినారు. మిస్త్రీ దాదా ‘భొయ్ నేయ్ దీదీ’, బయపడకు అని హ్యాండిలు నాకిచ్చి పక్కన నిలబడ్డాడు. కడ్డీ మీంచి ఇనప పొట్టు తీగలాగ సుట్టుకుంటా లేచింది. నాకు నవ్వొచ్చీసింది. ఆయన పోనాక అదే మొదలు నవ్వడం. ఆయనుంటే ఈ పని నానెరగను. ఈ పని నేకుండా బతకమంటే ఇప్పుడు నావల్ల కాదు. మరి నానేటి కోరుకోవాలమ్మా?”

నా వేళ్ళు అలవాటు చొప్పున ‘ఉద్యోగం పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు’ అని కొట్టేశాయి. చూసుకుని చెరిపేశాను. ఆవిడ అన్నది అన్నట్టు, ఆగిన చోట ఆగినట్టు మళ్ళీ కొట్టాను. ముక్కు చీదిన చోట అదీ రాశాను. కింద ఇంకొంచెం ఉంది.

“నాను డ్యూటీనించి వచ్చే యేలకి మా అత్త పెరట్లోకి ఎల్లిపోతాది. రోజూనూ అంతే. కొడుకు రావలసిన గుమ్మంలోంచి నాను వస్తంటే ఎలా సూడగల్దు? నానూ ఏటీ అడగను.”

ఆ ఇంటి రిపోర్టు రాసింది నేనే. ఆవిడను అర్హురాలిగా చూపించింది నేనే. ఒక మనిషికి ఉద్యోగం ఇప్పించి, ఆ మనిషికి ఆ పని ఇష్టమో కాదో అడగాలని నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. జీతం వస్తోందిగా, ఇంకేం కావాలి అనుకున్నాను. చెవుల్లోంచి ఆ తీగలు తీసేసి అలాగే కూర్చుంటే, మా ఆవిడ వచ్చి, ఏటి, మళ్ళీ సాధనా అంది.

అమ్మాయి ఆ కాగితాలు చదివి నా చేతులు పట్టుకుంది. ప్రొఫెసరమ్మ ఇది చాలు అందట. సమీక్ష వారంలోకి వచ్చింది. టీ కొట్టు దగ్గర ఆ పిల్ల మొదటిసారి రెండో గ్లాసు అడిగి తాగింది.

అక్కడికే, ఆ బల్ల దగ్గరికే, లేత్ ఆవిడ సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. సెలవు రోజు. చెమట తుడుచుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా, మొన్న చెప్పింది తీసేయమని అడిగింది. పేరు రాయం, ఊరు కూడా మారుస్తాం అని అమ్మాయి మెల్లగా చెప్పబోయింది.

“పేరు మారుత్తారు తల్లీ, నిజమే. ట్రాఫిక్‌లో ఉండి లేతు మీద పని సేసే తెలుగుది నానొక్కర్తినే. పేరు మారితే మనిషి మారిపోద్దేటి? కొడుకు పోయి వచ్చిన పనికి కోడలు నవ్వుకుంటంది అని మా అత్త సెవిన పడితే ఆవిడ తట్టుకోనేదు. తీసేయమ్మా.”

నేను అమ్మాయి పక్కకు వంగి, ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టిందమ్మా, రైల్వేలో అయితే ఆ కాగితం ఇక కదలదు అని గుసగుసలాడాను. అమ్మాయి నా వైపు తిరిగి, “సంతకం ఆమెది అంకుల్. వెనక్కి తీసుకునే హక్కూ ఆమెదే,” అంది. ఫోను తీసి ఆవిడ కళ్ళ ముందే ఆ రికార్డింగు చెరిపేసింది. సంచిలోంచి లాప్‌టాప్ తీసి అందులోదీ చెరిపింది. మీ దగ్గరున్నది కూడా అంకుల్, మేడమ్‌కిచ్చిన కాగితాలు నేను చింపేస్తాను అంది. ఒక్క కాగితం చింపని ఆఫీసులో పనిచేసినవాణ్ణి, ఇంటికెళ్ళి నా కాపీ చెరిపేశాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన పని చేసిన గుర్తు లేదు.

లేత్ ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. అమ్మాయి ఏడవలేదు. ఇంకో విషయం ఏం తీసుకోవాలో ప్రొఫెసరమ్మతో మాట్లాడాలి అని మాత్రం అంది. ఆ పిల్ల వయసులో నాకు ఆ ధైర్యం లేదు, ఇప్పుడూ ఉందని చెప్పలేను.

సమీక్షకు ముందు రోజు, ఇన్నాళ్ళూ మాట్లాడినందుకు ఆ ఇంట్లో చెప్పి వద్దామంది. మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్ళాం. కోడలు ఇంకా డ్యూటీలోనే ఉంది. అత్తగారు వరండాలో మునగాకు ముందేసుకుని కూర్చుంది. నేను అలవాటుగా పక్కన చతికిలబడి పుల్లలు ఏరడం మొదలుపెట్టాను. రేపటితో మా పని అయిపోతుంది, మళ్ళీ రామేమో అని అమ్మాయి చెప్పింది. ముసలావిడ డబ్బా పక్కన పెట్టింది.

“ఇన్నాల్లూ వచ్చినారు. దాన్నడిగినారు. ఈదిలో ఆడోల్లందర్నీ అడిగినారు. నన్నొక్క మాట అడగనేదేటి?”

అమ్మాయి ఒక్క క్షణం బిత్తరపోయి, నేల మీదే కూర్చుని, అడుగుతాను అమ్మమ్మా, రికార్డు చేసుకోవచ్చా అంది. ఆవిడ సేస్కో అని, నా వైపు తిరిగింది.

“బాబూ, ఆ పొద్దు నువ్వు ‘తల్లికి అభ్యంతరం లేదు’ అని రాసి నాసేత ఏలిముద్ర ఏయించినావు. అభ్యంతరం నేకపోటం ఏటి? నానే పంపినాను దాన్ని.”

అదేమిటమ్మా అని నా నోటి చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఊరుకుంటే ఆవిడే చెప్పుకొచ్చింది. మగపిల్లాడు రెండోవాడుండగా కోడలికి ఉద్యోగమేమిటని చుట్టాలంతా ఆవిడ మీద పడ్డారట. ఆ రెండో కొడుకు ఏడాది పాటు మాట్లాడలేదట. వాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది, దీనికి దొరకదు అని ఆవిడ పట్టు వదల్లేదట. ఇంత గొడవ నడిచిన ఇంటి గురించి నేను రాసింది మూడు మాటలు. ఆకు దూస్తూనే ఆవిడ తర్వాతి సంగతికి వచ్చింది.

“ఇంట్లో ఆ ఏడాది మాటుండీది కాదు. ఓ సాయంత్రం డ్యూటీనించి వచ్చి కుళాయి కాడ సేతుల మడ్డి కడుక్కుంటా కూనిరాగం తీసింది. నన్ను సూసి టక్కున ఆపీసింది, తప్పు సేసినట్టు. నా గుండె సెరువైపోనాది. నా కొడుకెలాగూ రాడు. ఇదయినా పాడుకోవాల గదా. అప్పట్నించీ అదొచ్చే యేలకి నాను పెరట్లోకి ఎల్లిపోతన్నాను. నానుంటే పాడదని.”

నా చేతిలో మునగ పుల్ల అలాగే ఉండిపోయింది. ఇద్దరి మాటా నాకు తెలుసు. ఒక్క వాక్యం చెప్తే చాలు. చెప్పడానికి నాకు హక్కు లేదు, ఆ వాక్యం కోడలిది, దాన్ని చెరిపేశాం. అమ్మాయి వైపు చూశాను. ఆ పిల్ల తల వంచుకుని మునగాకు కేసి చూస్తోంది. తల ఎత్తకుండానే ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఈ మాట ఆమెకు ఎప్పుడైనా చెప్పారా అమ్మమ్మా?”

“అది అడగనేదు. నాను సెప్పనేదు. అలాగే ఎల్లిపోనాయి రోజులు.”

అంతలో వర్క్‌షాప్ సైరన్ మోగింది. వీధిలో సైకిళ్ళ గంటలు మొదలయ్యేసరికి ముసలావిడ అలవాటుగా నేల మీద చెయ్యి ఆన్చి లేవబోయింది. సగం లేచి ఆగింది. అమ్మాయి ముందున్న ఫోను కేసి చూసింది, నా కేసి చూసింది. మళ్ళీ కూర్చుండిపోయింది.

కోడలు సైకిలు నడిపించుకుంటూ గేటు తీసి లోపలికి వచ్చింది. హ్యాండిలుకు టిఫిన్ సంచి వేలాడుతోంది. వరండాలో అత్తగారిని చూసి అక్కడే నిలబడిపోయింది.

“ఏటత్తా, ఇక్కడే కూకున్నారు?”

“మోకాల్లు నెప్పి. ఇంక రోజూ పెరట్లోకి నానెల్లలేను. ఇక్కడే కూకుంటాను. నువ్వు పాడుకో.”

ఆ రికార్డింగును టైపు చేసింది నేనే. ఆ మాట తర్వాత చాలాసేపు ఏమీ లేదు. దూరంగా ఒక గూడ్సు బండి వెళ్ళిన చప్పుడు, తర్వాత సైకిలు స్టాండు పడిన చప్పుడు. ఆఫీసు రోజుల్లో అయితే అంత ఖాళీని నేను ఒక్క గీతతో దాటేసేవాణ్ణి. అక్కడ ‘ఎవరూ మాట్లాడలేదు’ అని రాసి, కింద చాలా చోటు వదిలేశాను. ప్రొఫెసరమ్మ ఆ చోటు చూసి, ఇది ఎవరు నేర్పారు నీకు అని అడిగిందట. అంకుల్ అంతట ఆయనే వదిలారు అని అమ్మాయి చెప్పిందట. నా సర్వీసులో నాకు ప్రశంసాపత్రాలు వచ్చాయి, అవన్నీ ఏ బీరువాలో ఉన్నాయో గుర్తులేదు. ఈ మాట గుర్తుంది.

ముసలావిడ ఇంటర్వ్యూతోనే సమీక్ష గట్టెక్కింది. తర్వాత కొన్నాళ్ళకు కోడలే వచ్చి, ఆ రోజు తీసేసింది మళ్ళీ చెప్తాను, ఆ ఫోను పెట్టమ్మా అంది. అత్తగారు పక్కనుండగానే చెప్పింది. మొదటిసారి కంటే బాగా చెప్పిందని నా అభిప్రాయం, కానీ అభిప్రాయాలు రాయకూడదని నాకు నేర్పారు. ఇది అచ్చుకు ఇచ్చే ముందు ఆ వరండాలో కూర్చుని ఇద్దరికీ చదివి వినిపించాను. కోడలు ఒప్పుకుంది. ముసలావిడకు మాత్రం ఒక్క అసంతృప్తి. థీసిస్‌లోనూ తన పేరు వేయలేదు, ఇందులోనూ వేయలేదు. ఇన్నాళ్ళకి నన్నడిగినారు, పేరెట్టకపోతే నానే సెప్పినానని ఎవరు నమ్ముతారు అంటుంది. పద్ధతి ఒప్పుకోదమ్మా అంటే, నీ పద్ధతులు నాకు తెల్దేటి అని మునగాకు కట్ట నా ముందుకు తోస్తుంది.

నేను రుణపడింది వాళ్ళిద్దరికీ, ఆ కర్నూలు పిల్లకూ. ఈ వయసులో నన్ను బడిలో వేసి, విసుక్కోకుండా చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడో పాఠాలు చెప్తోంది. మీకు ఈ రోజు ఈ పాఠం చెప్తున్న మేడమ్ ఆమే కావచ్చు, ఎవరు చూశారు.

ఆ సాయంత్రం సంగతి కొంచెం మిగిలింది. కోడలు టిఫిన్ సంచి అత్తగారి పక్కన పెట్టి, పక్క సందులో కుళాయి దగ్గరికి వెళ్ళింది. అమ్మాయి రికార్డర్ ఆపి, ఫోను సంచిలో పెట్టుకుంది. మేం చెప్పులు తొడుక్కుని గేటు దాటాం. నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి దాని మీద సన్నగా, కాస్త వణుకుతూ, కూనిరాగం వినిపించింది. నా ఎడమ చెవికి కూడా వినిపించింది. వరండాలో ముసలావిడ తల ఎత్తలేదు, ఆకు దూస్తూనే ఉంది.

అమ్మాయి చెయ్యి సంచిలో ఫోను దాకా వెళ్ళి ఆగింది. జిప్పు వేసేసి, పదండి అంకుల్ అంది.